గవర్నర్‌పేట పాత బిల్డింగ్‌లో పేర్లు లేని ఫోన్ లైన్లు: ఏది బతికుంది, ఎవరిది?

రెండో_అంతస్తు:
గవర్నర్‌పేటలో పాత కమర్షియల్ బిల్డింగ్, ఆఫీసు కోసం రెండో అంతస్తు తీసుకున్నాం. మెట్ల కింద ఇనప పెట్టెలో రెండు క్రోన్ మాడ్యూళ్లు (ఫోన్ తీగలను గుచ్చి కలిపే పట్టీలు, ఒక్కోదానికి పది జతల తీగలు) ఉన్నాయి, అంటే 20 జతలు. ఒక్కదానికీ చీటీ లేదు. మా హాల్లోకి ఆరు జతలు వచ్చాయి. కొన్నిటికి రోసెట్ (ఫోన్ తగిలించే గోడ పెట్టె) ఉంది, మిగతావి గోడలోంచి వేలాడుతున్నాయి. ఓనరు గారి దగ్గర పాత బిల్లులు లేవు. ఏది పనిచేస్తోందో, ఏ కంపెనీదో, నంబరేంటో ఎలా తెలుసుకోవాలి? ఎలక్ట్రీషియనేమో అన్నీ కత్తిరించేద్దాం అంటున్నాడు.

క్రోన్_టూల్:
కత్తిరించనివ్వకండి. అందులో లిఫ్ట్ ఎమర్జెన్సీ ఫోనో, కింది షాపు ఫ్యాక్సో ఉండొచ్చు.

ముందు మల్టీమీటరును ఏసీ 750 రేంజిలో పెట్టి ప్రతి తీగకూ ఎర్త్‌కూ మధ్య చూడండి. 230 వోల్టుల దరిదాపుల్లో కనిపిస్తే ఎక్కడో కరెంటు తీగ తగులుతున్నట్టు, అక్కడితో ఆపేయండి. అది లేదని తేలాక డీసీ 200కి మార్చి జతలోని రెండు తీగల మధ్య కొలవండి. 45 నుంచి 54 దాకా చూపిస్తే లైను బతికే ఉంది, ఫోన్ పెట్టేసి ఉంది. 6 నుంచి 12 మధ్య ఉంటే ఆ క్షణాన ఎవరో మాట్లాడుతున్నారు, లేదా ఏదో పరికరం లైను పట్టుకుని కూర్చుంది. సున్నా అయితే తెగిపోయిందో, షార్టయిందో. కొలిచేటప్పుడు వేళ్లు తీగకు తగలనివ్వకండి, రింగ్ వస్తే 75 వోల్టుల ఏసీ పడుతుంది.

బతికున్న జతకు అడాప్టర్ అక్కర్లేని మామూలు ఫోన్ తగిలించండి. దాని వైరు నడిమి రెండు తీగలకు క్రొకడైల్ క్లిప్పులు వేస్తే చాలు. ఎవరివైనా మాటలు వినిపిస్తే వెంటనే పెట్టేయండి. డయల్ టోన్ వస్తే మీ సెల్‌కు ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి, నంబరు తెర మీదే పడుతుంది. సెల్ నంబరు ముందు సున్నా కొట్టడం మరవొద్దు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు ఆ సున్నా తప్పనిసరి. అది కొట్టక, రికార్డెడ్ మాట విని లైను పాడైందనుకునేవాళ్లు చాలామంది.

విజయవాడ కోడ్ 0866 తర్వాతి అంకె చూడండి. 2 అయితే బీఎస్ఎన్ఎల్, 4 ఎయిర్‌టెల్, 6 టాటా, 3 రిలయన్స్. మీ దగ్గర 2 రావడానికే ఎక్కువ అవకాశం, స్తంభం మీద నుంచి వచ్చే రాగి తీగ దాదాపు అంతా వాళ్లదే.

అరండల్‌పేట_63:
సున్నా కొట్టగానే టోన్ మారినా, రెండు మూడు అంకెలకే ఎంగేజ్ వచ్చినా అది కంపెనీ లైను కాదండీ, పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజి) ఎక్స్‌టెన్షన్. వోల్టేజీ 24 దగ్గరే ఉండి టోన్ వస్తున్నా అదే అనుమానం. బయటి లైనుకు 9 గానీ 0 గానీ నొక్కి మళ్లీ మొత్తం నంబరు కొట్టాలి. అప్పుడు కూడా మీ సెల్‌లో పడేది బయటికి వెళ్లిన లైను నంబరే, ఈ జతది కాదు.

ఇంకోటి, నెట్‌వర్క్ కేబుల్లో 48 వోల్టులు కనిపిస్తే ఫోన్ తగిలించకండి. సీసీ కెమెరాకు పవర్ అదే తీగల్లో పోతుంటుంది.

రెండో_అంతస్తు:
ధన్యవాదాలండీ. రెండు జతల నుంచి 2తో మొదలయ్యే నంబర్లు వచ్చాయి. ఇంకోదానిలో 31 వోల్టులే, బరబరమని శబ్దం. నాలుగోదానిలో టోన్ ఉంది గానీ పెట్టెలో ఆ జతకు వీధి కేబుల్ తగిలించే లేదు!

క్రోన్_టూల్:
నాలుగోది ఫైబర్‌కు మారిన నంబరై ఉంటుంది. రాగి కనెక్షన్లను ఫైబర్‌కు మార్చినప్పుడు నంబరు అదే ఉంచుతారు, టోన్ మాత్రం ఓఎన్‌టీ (ఫైబర్ మోడెమ్) పెట్టె ఫోన్ పోర్టు నుంచి వస్తుంది. ఆ పెట్టె ఏ గదిలో ఉందో వెతికి, వాళ్లనడిగి ఒక్క నిమిషం ఆపించండి. టోన్ పోతే అదే.

31 వోల్టులది లీకేజీ. క్రోన్‌లో ఆ జత మధ్యన డిస్‌కనెక్షన్ ప్లగ్ గుచ్చితే వీధి వైపూ, ఇంటి వైపూ విడిపోతాయి. వీధి వైపు 48 తిరిగొస్తే లోపం మీ గోడలోని తీగలో ఉంది. అప్పుడూ 31యే ఉంటే కేబుల్లోనో, స్తంభం మీది డీపీ (కేబుల్ నుంచి లైన్లు పంచే) పెట్టెలోనో చెమ్మ చేరింది. అక్కడ చెయ్యి పెట్టేది కంపెనీ లైన్‌మనే, మనం కాదు.

చచ్చిన జతలు పెట్టెలో ఎక్కడ తేలాయో కావాలంటే టోన్ జనరేటర్ (తీగలోకి శబ్దం పంపేది), ప్రోబ్ (ఆ శబ్దాన్ని పట్టేది) చాలు. అవి లేకపోతే పైన రెండు తీగలూ కలిపి మెలేసి, కింద ఒక్కో జతకూ ఓమ్స్ చూడండి. 0.5 మిల్లీమీటర్ల రాగికి 30 మీటర్ల దూరంలో రానూ పోనూ 5 ఓమ్స్ దరిదాపు. ముందు ఆ జతలో వోల్టేజీ లేదని మళ్లీ ఓసారి చూసుకోండి.

బిల్లు_చూసుకో:
తీగ పీకేస్తే బిల్లు ఆగదు. ఎవరి పేరున ఉందో వాళ్లే సరెండర్ దరఖాస్తు ఇవ్వాలి, బకాయి కట్టాలి, అప్పుడే డిపాజిట్ వెనక్కొస్తుంది. నంబరు పట్టుకెళ్లి కస్టమర్ సర్వీస్ సెంటర్లో అడిగితే లైను నడుస్తోందా అన్నది చెప్పొచ్చు గానీ, చందాదారు పేరు మీకు చెప్పరు. ఆ రెండు నంబర్లూ ఓనరు గారికి పంపండి, తన పేరునో పాత అద్దెదారు పేరునో ఆయనే కనుక్కుంటారు.

రెండో_అంతస్తు:
పంపాను. ఒకటి ఆయన పేరునే ఉందట.