అప్‌డేట్: కొత్త ఎక్సెల్ ఫైల్ ఇప్పుడు మా సెట్టింగ్స్‌తోనే తెరుచుకుంటోంది

గాజువాకలో మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కొత్త ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఫాంటు, ఏ4 పేజీ, తేదీ ఫార్మాట్ మళ్లీ పెట్టుకోవాల్సి వస్తోంది, శాశ్వతంగా నిలిచే దారి ఉందా అని అడిగాను కదా. పని అయింది. చెప్పినవాళ్లందరికీ థాంక్స్ అండీ.

ఖాళీ ఫైల్‌లో నిర్మలా యూఐ ఫాంటు, అడ్డం పేజీ, రోజు-నెల-సంవత్సరం తేదీ పెట్టి, టెంప్లేట్‌గా, అంటే కొత్త ఫైళ్లకు నమూనాగా, ‘బుక్.ఎక్స్‌ఎల్‌టీఎక్స్’ (Book.xltx) పేరుతో ఎక్స్‌ఎల్‌స్టార్ట్ (XLSTART) ఫోల్డర్‌లో సేవ్ చేశాను. ఎక్సెల్ మొదలయ్యేటప్పుడు తనే చూసుకునే ఫోల్డర్ అది. పేరు అచ్చం అదే ఉండాలి. ఒక చిక్కుంది: సేవ్ చేసేటప్పుడు ఫైల్ రకం టెంప్లేట్ అని మార్చగానే ఎక్సెల్ తనంతట తానే వేరే ఫోల్డర్‌కి దూకేస్తుంది. అందుకే ముందు రకం మార్చి, తర్వాత ఫోల్డర్ ఎంచుకోవాలి.

అంతా చేశాక కూడా స్టార్ట్ స్క్రీన్‌లో ‘బ్లాంక్ వర్క్‌బుక్’ నొక్కితే పాత సెట్టింగ్స్‌తోనే ఖాళీ ఫైల్ వచ్చింది! కంట్రోల్ ఎన్ కొడితే మాత్రం మనది వస్తోంది. ఆప్షన్స్‌లో జనరల్ కింద స్టార్ట్ స్క్రీన్ టిక్ తీసేశాక ఆ గొడవ వదిలింది. ప్లస్ గుర్తుతో చేర్చే షీట్లకు ‘షీట్.ఎక్స్‌ఎల్‌టీఎక్స్’ (Sheet.xltx) అని ఒకే షీట్‌తో ఇంకో టెంప్లేట్ కావాలి, అదీ అదే ఫోల్డర్‌లో.

బిల్టీల (సరుకు రవాణా రసీదుల) లిస్టులో చివరి కాలమ్ ‘బ్యాలెన్స్’ ఒక్కటే రెండో కాగితం మీదకి పోయేది. ఇప్పుడు పేజీ అడ్డంగా ఉంది కాబట్టి ఒకే పేజీలో వస్తోంది. పక్క సిస్టంలో ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో టెంప్లేట్‌గా సేవ్ చేస్తూ డిఫాల్ట్ అని టిక్ పెడితే చాలు, నిజం చెప్పాలంటే అదే సుఖం.

పాత ఫైళ్లు మాత్రం మారవు, వాటిని చేత్తోనే సరిచేస్తున్నాం.