‘అభ్రగపతిం’ తర్వాత ‘బ’నా, ‘మ’నా? (మారుపేర్లతో సాగిన ఒక పోస్టు చర్చ)

మూడోపాదం: పిల్లలతో కూర్చుని ‘ఫైండింగ్ నీమో’ (2003) మళ్ళీ చూశాను. కొడుకుని డైవర్ పట్టుకుపోతుంటే తండ్రి చేప పడవ వెంటపడే చోటు వాళ్ళకి వట్టి ఛేజింగు. నాకు మాత్రం పోతన భాగవతంలో మొసలి పట్టిన గజేంద్రుణ్ణి కాపాడడానికి విష్ణువు సిరికి, అంటే లక్ష్మికి కూడా చెప్పకుండా పరుగెత్తే పద్యం ‘సిరికిం జెప్పడు’ తన్నుకొచ్చింది. నడిసముద్రం పేరెత్తితేనే వణికే ప్రాణి, వెనకాముందూ చూడకుండా దూకేశాడు. ఇక్కడ చెప్పడానికి సిరి కూడా లేదు పాపం, సినిమా మొదట్లోనే బరాకుడా పొట్టన పెట్టుకుంది. సరే, పద్యం అందుకుని రెండో పాదంలో ఆగిపోయాను. ‘అభ్రగపతిం (గరుత్మంతుణ్ణి) బన్నింప’డా, ‘మన్నింప’డా? నా నోటికి ‘మ’ వస్తోంది.

గణవిభజన: ఇది మత్తేభ వృత్తం. పద్నాలుగో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. పాదం మొదలు ‘ప’రివారంబును. అక్కడ ‘బ’ ఉండాల్సిందే, అదీ అసలు ‘ప’యే, ముందున్న నకారం (ద్రుతం) మీద సరళమై ‘బ’ అయింది. చర్చ సమాప్తం.

తాటాకు: అంత తొందరెందుకండీ. మకారానికి పవర్గంతో (ప, ఫ, బ, భలతో) యతిమైత్రి లేదా?

గణవిభజన: ఉంది, ‘ప’కి ముందు సున్న ఉంటే. ఇక్కడ ముందున్నది ‘ఏ’, మొదటి పాదం ‘సంధింపడే’తో ముగిసింది. పు–ము పొత్తు అంటారేమో, దానికి ఉత్వం (ఉకారం) కావాలి.

తాటాకు: యతి మీకే వదిలేశాను. అర్థం చెప్పండి. రథాన్ని పన్నుతారు, ఏనుగుని పన్నుతారు. పక్షిరాజుకి జీను వేస్తారా?

చాటువు: పన్నించడమంటే ప్రయాణానికి సిద్ధం చేయించడం, జీనే అక్కర్లేదు. ‘మన్నింపడు’ అంటేనే నాకు చిక్కు. స్వామి గరుత్మంతుణ్ణి లెక్కచేయకుండా పోయాడని పోతన అంటాడా? ఆ వెంటనే వచ్చే పద్యం ‘తనవెంటన్ సిరి’లో పక్షీంద్రుడు వెనకాలే వస్తున్నాడు కదా. ఇంకో మాట, వ్యాసుడి మూలంలో హరి చక్కగా గరుడుడి మీదే, చక్రం పట్టుకునే వస్తాడు. ఆ ఏర్పాట్లన్నీ ఒక్కొక్కటే ఊడబెరికింది పోతన. విల్లు, గద, శంఖం, చక్రం అన్నీ ఆయన వెనక పరుగెత్తుకొస్తుంటే చూడాలి. ఆ బొమ్మ గీయడానికి ఏ స్టూడియో చాలుతుంది?

మూడోపాదం: అన్నట్టు సినిమాలో తండ్రి అభ్రగపతిని వదల్లేదండోయ్. సగం దారి తాబేలు మీద వచ్చాడు, సిడ్నీలో దంతవైద్యుడి కిటికీ దాకా పెలికన్ నోట్లో కూర్చుని వెళ్ళాడు.

తాటాకు: అయితే ఆయన వ్యాసుడి పాఠం వాడన్నమాట.

చాటువు: ‘చక్రం లేకుండా వచ్చి ఏం చేస్తాడయ్యా మీ స్వామి’ అని బావమరిదని చెప్పుకునే శ్రీనాథుడు ఎగతాళి చేస్తే, పోతన బావిలో బండరాయి పడేసి ‘నీ బిడ్డ పడిపోయింది’ అని కేకేశాడట. శ్రీనాథుడు తాడూ నిచ్చెనా ఏదీ లేకుండా ఉరికొచ్చాడట. చిన్నప్పుడు నాకది శ్రీనాథుడి మీద జోకు. ఇప్పుడు ఆ రాయి చప్పుడు దగ్గరే మనసు ఆగిపోతుంది, పిల్లలున్నవాడి మీద చేయాల్సిన పరాచికమా అది!

గణవిభజన: వాళ్ళు బావామరదులన్నదానికే ఆధారం లేదు. కట్టుకథతో పాఠనిర్ణయం కుదరదు.

చాటువు: పాఠం గురించి కాదు మహాప్రభో, తండ్రుల గురించి.

నిఘంటువు: అసలు ఈ పోలికే నప్పదు. పద్యం చివర ‘గజప్రాణావనోత్సాహియై’ (ఏనుగు ప్రాణం కాపాడే ఉత్సాహంతో) అన్నాడు. ఉత్సాహం వీరరసానికి స్థాయి, అంటే మూలభావం. చేపని తరిమింది భయం. మిగిలిన ఒక్క గుడ్డునీ పొదుపుకుని, బిడ్డకి చిన్న రెక్క ఉందని అడుగు బయట పెట్టనివ్వని తండ్రి ఆయన. బడికెళ్ళిన మొదటిరోజే అందరి ముందూ ‘నీకు ఈత రాదు’ అన్నాడు, పిల్లాడు పంతానికి పోయి పడవ ముట్టుకున్నాడు. మొసలి సగం ఆయనే.

మూడోపాదం: నిఘంటువు గారూ, మీరు చెప్పింది చదివాక సినిమా ఇంకోసారి చూడాలనిపిస్తోంది, అంత దూరం ఆలోచించలేదు. కానీ చివర్లో వలలోకి దూకడానికి కొడుక్కి సెలవిచ్చాడే, అక్కడైనా ఉత్సాహి కాడా?

నిఘంటువు: అక్కడ దూకింది కొడుకు. తండ్రి చేసింది చెయ్యి వదలడం.

తాటాకు: చేలాంచలం (సిరి పైటకొంగు) విడవనివాడి పద్యానికి చెయ్యి వదిలినవాడు దొరికాడు. బాగుంది. నేనింకా ‘మన్నింపడు’ దగ్గరే ఉన్నాను, చెవికి అదే బాగుంది.

గణవిభజన: చెవికి యతి వినపడదా?

నిఘంటువు: ఎలాగూ గజేంద్రుడి దాకా వచ్చాం కనక, అదే కథలోని ‘ఆ మూల సౌధంబు దాపల’లో దాపల అంటే దగ్గర అంటారా, ఎడమ అంటారా? కాడికి ఎడమవైపు ఎద్దు దాపటెద్దు. నా మట్టుకు ఎడమే.

తాటాకు: దగ్గర.

గణవిభజన: దానికి వేరే పోస్టు పెట్టండి.