తైకో చేసే పేటలో తైకో మోగితే: నానివా బృందం తన పుట్టుకను చాటాలా, సంగీతాన్ని మాత్రమే వినిపించాలా?

వేకువచుక్క:

తైకో అనే జపాన్ డోలు వాయించే బృందాల వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. మనిషి కంటే ఎత్తైన డోలు ముందు కాళ్లు ఎడంగా నాటి, తల మీద నుంచి కర్రలు దించుతుంటే చూసేవారి గుండె కూడా అదే లయలో కొట్టుకుంటుంది. ఆ డోలుకు తోలు ఎవరు బిగించారన్నది మాత్రం ఆ వీడియోల్లో ఎక్కడా వినిపించదు. ఈ చర్చ ఆ ప్రశ్న కోసమే మొదలుపెడుతున్నాను.

ఒసాకా నగరంలోని నానివా వార్డులో ఒక పాత పేట ఉంది. జపాన్ చరిత్రలో ‘ఎదో’ యుగంలో, అంటే 1603 నుంచి 1868 వరకు సాగిన షోగున్లనే సైనిక పాలకుల ఏలుబడిలో, దాన్ని వతనబె గ్రామం అనేవారు. పశ్చిమ జపాన్ నుంచి పశువుల తోళ్లు అక్కడికి చేరేవి. ఆ తోళ్లను పదును చేసి కవచాలకూ పాదరక్షలకూ తైకోలకూ సిద్ధం చేసింది ఆ పేట మనుషులే. చచ్చిన పశువును తాకినవారికి మైల అంటుతుందన్న నమ్మకంతో సమాజం వారిని వెలిగా ఉంచింది. గుళ్లో తైకో మోగితే చేతులు జోడించినవారే దాన్ని చేసిన మనిషిని గడప దాటనివ్వలేదు. 1871లో మెయిజీ ప్రభుత్వం ఆ అంతరాలను శాసనంతో రద్దు చేసింది. పెళ్లి సంబంధాల్లోనూ ఉద్యోగాల్లోనూ వెలి మిగిలే ఉంది. ఆ వారసులనే బురాకుమిన్, అంటే బురాకు పేటల మనుషులు, అంటున్నారు.

తరతరాలుగా తైకోలు చేసిన ఆ పేటకు తైకో వాయించే ఆనవాయితీ లేదు. చేసిన ప్రతి డోలూ గుళ్లకూ ఉత్సవాలకూ బయటి ఊళ్లకూ తరలిపోయేది. 1987లో అక్కడి యువతీయువకులు సొంత బృందం కట్టుకుని, దానికి ‘ఇకారి’, అంటే ‘ఆగ్రహం’, అని పేరు పెట్టుకున్నారు. వివక్ష గురించి మాట్లాడుతూ వాయిస్తారు. అషిహరాబషి రైల్వే స్టేషన్ దగ్గరి వీధిని ఇప్పుడు ‘మానవ హక్కులు–తైకో దారి’ అంటున్నారు.

ఇది కళను నినాదంగా మార్చడమేననీ, తైకోను తైకోగా వింటే చాలనీ కొందరంటారు. నా మాట నేరుగా చెబుతాను: ఆ పేటలో మోగే ప్రతి తైకో వెనక దాని చరిత్ర వినిపించాలి, ప్రతిసారీ వినిపించాలి. మీ అభిప్రాయాలు రాయండి.

నీలాటిరేవు:

మీ ఆవేదన అర్థమైంది. అయినా ‘ప్రతిసారీ’ అన్న మాటతో గట్టిగా విభేదిస్తున్నాను.

మన దగ్గర కులం ఇంటిపేరులో, వృత్తిలో, ఊరిలో ఇల్లు ఉన్న చోటులో, ఇన్ని రకాలుగా బయటపడుతుంది. జపాన్‌లో బురాకు కుటుంబాలకు రూపంలో తేడా లేదు, భాషలో లేదు, పేరులోనూ లేదు. వారిని పట్టించేది చిరునామా ఒక్కటే. అందుకే అక్కడ వివక్ష చూపాలనుకున్నవారు మొదట వెతికేది ఊరి పేరు. 1975లో ఒక రహస్య పుస్తకం బయటపడింది. దేశమంతటా ఉన్న బురాకు పేటల పేర్లు, చిరునామాలు గుదిగుచ్చి దాన్ని కంపెనీలకు అమ్మారు. ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడు ఏ పేటవాడో చూసుకోవడానికి పేరున్న సంస్థలు సైతం కొన్నాయి. పెళ్లికి ముందు డిటెక్టివ్‌లను పెట్టి కుటుంబ రిజిస్టర్లు తవ్వించడం మరో పద్ధతి. ఇదంతా గతం అనుకోవద్దు. యుద్ధానికి ముందు జరిగిన ఒక సర్వేలోని పేటల జాబితాను మళ్లీ పుస్తకంగా తెచ్చి, ఇంటర్నెట్‌లో పెట్టే ప్రయత్నం మీద కోర్టులో పోరాటం నడిచింది. మనుషులకు వివక్షకు గురికాకుండా ఉండే హక్కు ఉందని టోక్యో హైకోర్టు 2023లో చెప్పింది.

ఇప్పుడు ఆలోచించండి. వేదిక మీద వాయించేవారు పదిహేను మందో ఇరవై మందో ఉంటారు. వారు ‘మా పేట ఇది, మా చరిత్ర ఇది’ అని చాటినప్పుడు ఆ పేటలో ఉన్న మిగతావారందరి సంగతీ చాటినట్టే కదా? అందులో రేపు పెళ్లి కుదరాల్సిన అమ్మాయి ఉంటుంది. తాత ఏం చేసేవాడో పిల్లలకు చెప్పకుండా దాచిన తండ్రి ఉంటాడు. వారి అనుమతి ఎవరు అడిగారు? మౌనంగా బతకాలనుకునేవారిని పిరికివారు అనలేం.

తాళపత్రం:

సంగీతం వైపు నుంచి ఒక సంగతి. ‘తైకోను సంప్రదాయ సంగీతంగానే విందాం’ అనేవారు ఏ సంప్రదాయం గురించి మాట్లాడుతున్నారో నాకు అర్థం కాదు.

తైకో అనే వాయిద్యం చాలా పాతది. గగాకు రాజసభ సంగీతంలో, నో, కబుకి నాటకాల్లో, ఊరి ఉత్సవాల్లో అది ఉంది. వేదిక నిండా చిన్నా పెద్దా డోళ్లు పేర్చి ఒక బృందం కచేరీ ఇవ్వడం మాత్రం, అంటే కుమిదైకో, మన తాతల కాలంలో పుట్టిన కొత్త రూపం. నాగానో ప్రాంతంలో జాజ్ డ్రమ్ములు వాయించే ఒగుచి దైహచి ఒక గుడికి చెందిన పాత డోలు లయను తీసుకుని, దాన్ని విడగొట్టి, వేర్వేరు డోళ్లకు పంచాడు. 1951లో ఆయన స్థాపించిన ఒసువా దైకోతో ఈ పద్ధతి మొదలైంది. సాదో ద్వీపంలో ఒండెకోజా అనే బృందం వచ్చింది 1969లో. అందులోంచి విడివడినవారే 1981లో కోడో అనే బృందంగా బెర్లిన్‌లో తొలి కచేరీ ఇచ్చారు. మనం ‘వేల ఏళ్ల జపాన్ ఆత్మ’ అని మురిసిపోయే దృశ్యాన్ని, ఆ గోచీని, ఆ కండలను, ఆ పెద్ద డోలు ముందు ఒంటరి మనిషిని, వేదిక కోసం తీర్చిదిద్దినవారు వీరే. ఆ శ్రమను నేను గౌరవిస్తాను. కోడో కచేరీ వింటే నాకు ఇప్పటికీ మాట రాదు.

కానీ ప్రతి బృందమూ తైకో మీద ఒక కథ వేసుకునే వేదిక ఎక్కింది. ద్వీపం, సముద్రం, కఠోర సాధన, పల్లె జీవితం. అవన్నీ సంగీతం అయినప్పుడు, నానివా యువకులు తోలు కథ చెబితే అది మాత్రం రాజకీయం ఎలా అవుతుంది?

ఉదయరాగం:

మధ్యలో అడ్డుపడుతున్నందుకు క్షమించండి. తైకోలో తోలు పని అంత ముఖ్యమా? కర్ర దొలిచినవారి పని కూడా ఉంటుంది కదా?

తాళపత్రం:

ఉంటుంది, చాలా ఉంటుంది. నాగాదో రకం డోలుకు కెయాకి చెట్టు మొద్దును ఏకంగా దొలుస్తారు. అతుకు ఉండదు. దొలిచిన మొద్దును పగుళ్లు రాకుండా ఏళ్ల తరబడి ఆరబెడతారు. లోపలి గోడ మీద ఉలితో గీతలు చెక్కేవారున్నారు, నాదం కోసం.

అయితే మోగేది తోలు. ఆవు తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, లోపలి కొవ్వు గీకి, మందం సమంగా వచ్చేదాకా పలచబరుస్తారు. వెన్ను దగ్గరి తోలు ఒకలా మోగుతుంది, పొట్ట దగ్గరిది మరోలా. డోలు మూతికి తోలు పరిచి, అంచులకు తాళ్లు కట్టి కిందికి లాగుతారు. లాగుతూనే మనుషులు ఎక్కి తోలు మీద నిలబడి తొక్కుతారు. తొక్కి, మోగించి విని, మళ్లీ లాగుతారు. ఎక్కడ ఆపాలన్నది చెవి చెప్పాలి, ఏ కొలబద్దా చెప్పదు. ఆ తర్వాతే ఇనుప మేకులు వరుసగా దిగుతాయి. మేకులు దిగాక శ్రుతి మార్చడం కుదరదు కాబట్టి ఆ తోలు ఉన్నంతకాలం డోలు గొంతును నిర్ణయించింది ఆ బిగించినవాడే. వాయించేవాడు దాన్ని వాడుకుంటాడు. అలాంటి చెవి ఉన్న మనిషిని సంగీతకారుడు అనకుండా మరేమనాలి?

చిర్రాచిటికెన:

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మాది డప్పు ఇల్లు. మా నాన్న మేకతోలు లందలో నానేసి, గీకి, చట్రానికి బిగించి, మంట దగ్గర కాచి వాయించేవాడు. మా దగ్గర చేసినవాడు, మోగించినవాడు ఒక్కడే. నానివాలో ఆ రెండింటి మధ్య గోడ ఉండేదని చదివితే నాకు కొత్త బాధ కలిగింది. చేతులతో చేసిన దాని మోత కూడా వారికి దక్కలేదన్నమాట. మాకు మోత దక్కింది, దాంతోపాటు చావుకూ జాతరకూ ఊరు పిలిస్తే కాదనలేని చాకిరీ కూడా దక్కింది. పిలిచినప్పుడు వెళ్లాలి, వాకిట్లో ఆగాలి.

1994లో ప్రకాశం జిల్లాలో దండోరా ఉద్యమం పుట్టినప్పుడు అదే డప్పు మా కోసం మోగింది. పేరు చివర మాదిగ అని రాసుకోవడం అప్పుడు మొదలైంది. వేకువచుక్క గారు చాటాలి అంటున్నది అదే అయితే, ఆ చాటడం మనిషి వెన్నును ఎలా నిలబెడుతుందో నాకు తెలుసు. నీలాటిరేవు గారూ, మీరు చెప్పిన దాచుకునే తండ్రి కూడా నాకు తెలుసు. పట్నంలో అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు మా ఇంట్లో డప్పు గురించి ఎవరూ నోరెత్తేవారు కాదు.

అందుకే నా అభ్యంతరం మీ ఇద్దరి మీదా ఉంది. చెప్పాలా, దాచాలా అన్న బరువును మీరిద్దరూ ఆ పేట నెత్తి మీదే పెడుతున్నారు. తోలు పని వల్ల వచ్చే వెలి తమకు అంటకుండా తైకో మోగించి పేరు తెచ్చుకున్న వందల బృందాలు ఉన్నాయి. తైకోలను కొని ఆవరణలో పెట్టుకున్న గుళ్లు ఉన్నాయి. వాళ్లు ఎందుకు చెప్పరు? కచేరీ మొదట్లో ‘ఈ తైకోల తోలు పని ఫలానా చేతులది, ఆ చేతులను మా పూర్వికులు వెలివేశారు’ అని చెబితే వాళ్ల పిల్లల పెళ్లిళ్లు ఆగిపోవు కదా. ఇక్కడా అంతే. బడి వార్షికోత్సవంలో రంగు రంగుల దుస్తులతో పిల్లలు డప్పు నృత్యం చేస్తారు, ముచ్చటగా ఉంటుంది, ఎవరి డప్పో చెప్పడానికి మైకు ముందు ఒక్క వాక్యం దొరకదు.

వేకువచుక్క:

చిర్రాచిటికెన గారూ, మీ మాటతో చర్చ అసలు చోటుకు వచ్చింది. బయటి బృందాలు చెప్పాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ వాళ్లు చెప్పేదాకా ఈ పేట ఆగాలా? 1922 మార్చి 3న క్యోటోలో బురాకు ప్రజల హక్కుల సంఘమైన సుయిహెయిషా స్థాపన సభ జరిగింది. తమను అవమానించడానికి లోకం వాడిన పేరునే పట్టుకుని, అలా పుట్టినందుకు గర్వించే కాలం వచ్చిందని ఆ సభ ప్రకటనలో రాశారు. ముళ్ల కిరీటాన్ని జెండా మీద పెట్టుకున్నారు. ఎదుటివారి మనసు మారేదాకా ఆగి ఉంటే ఆ సభే జరిగేది కాదు.

నీలాటిరేవు గారికి ఇంకొకటి. ఆ నానివా వార్డులోనే 1985లో ఒసాకా మానవ హక్కుల మ్యూజియం తెరిచారు. బురాకు చరిత్రతో పాటు ఐను ఆదివాసుల, కొరియన్, ఒకినావా ప్రజల కథలను, ఇంకా ఎందరివో అక్కడ ఉంచారు. తర్వాత ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. స్థలం నగరానిది కావడంతో ఆ గొడవ కోర్టుకెక్కింది. 2020లో మ్యూజియం మూతపడింది. బడి పిల్లలు వచ్చి చూసి నేర్చుకునే చోటు పోయాక, ఆ వీధిలో ఆ చరిత్రను గొంతెత్తి చెబుతున్నది ఆ బృందమే. దాన్నీ సంగీతం మాత్రమే వాయించమంటే ఇంకేం మిగులుతుంది?

నీలాటిరేవు:

మ్యూజియం మూత నాకూ బాధ కలిగించిన విషయమే. మ్యూజియం చేయగలిగిన పని వేరు, వీధి కచేరీ చేసే పని వేరు అని మాత్రం అంటాను. మ్యూజియంలోకి తెలుసుకోవాలనుకున్నవాడు టిక్కెట్టు కొని వెళ్తాడు. వీధిలో ఎవరో ఫోనులో తీసిన అర నిమిషం వీడియో ఊరి పేరుతో సహా ఎక్కడికి చేరుతుందో ఎవరికీ తెలియదు. బురాకు వివక్ష ఇంకా ఉందని ఒప్పుకుంటూ 2016లో చట్టం తెచ్చారు, అందులో శిక్షలు లేవు. రక్షణ లేనిచోట ధైర్యం చేయమని ఇంత దూరం నుంచి నేను చెప్పలేను. తమంతట తాము చేసేవారికి నమస్కరిస్తాను. కానీ ‘చాటాలి’ అన్నది అందరికీ నియమం కాకూడదు.

చిర్రాచిటికెన గారి ప్రతిపాదన మాత్రం నాకు పూర్తిగా సమ్మతం. పేట పేరు అక్కర్లేదు, మనుషుల పేర్లు వారు ఇష్టపడితేనే. తైకో మోగే ప్రతి పెద్ద వేదిక మీదా, జపాన్‌లోనే కాదు, విదేశాల్లోనూ, తోలు బిగించే పని ఎవరిదో, ఆ పని చేసినవారిని ఎలా చూశారో కరపత్రంలో రాయాలి. కోడో లాంటి బృందం అలా రాస్తే నానివాలో దాచుకునే తండ్రి మీద ఏ భారమూ పడదు.

చిర్రాచిటికెన:

మనుషుల పేర్లు కూడా ఉండాలి, వారిని అడిగి. ‘ఆ చేతులు’, ‘ఆ వర్గం’ అని రాసి వదిలేస్తే మళ్లీ మనిషి కనబడకుండా పోతాడు. వయొలిన్ చేసినవాడి పేరు లోపల చీటీ మీద ఉంటుంది, అమ్మేటప్పుడు ఆ పేరును బట్టే ధర పలుకుతుంది. డోలు చేసినవాడికి ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు?

ఇక్కడ బడుల్లో డప్పు నేర్పిస్తున్న గురువులు ఎవరైనా ఉంటే ఒకటి అడుగుతున్నాను. ఈసారి వార్షికోత్సవానికి డప్పులు ఎవరి దగ్గర తెచ్చారో ఆయనను పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టగలరా? కుదిరితే ఇక్కడ రాయండి. కుదరకపోతే ఎవరు వద్దన్నారో అదీ రాయండి.