చర్చ: మిత్రదళం చేసే అఘాయిత్యాన్ని ఎదిరించిన సైనికుడిని శిక్షించాలా?

తుంగభద్ర గట్టు, కర్నూలు:
అఫ్గానిస్తాన్ యుద్ధంలో జరిగిన ఒక సంగతి మీద మీ అందరి అభిప్రాయం కావాలి. 2011లో కుందూజ్ ప్రాంతంలో అమెరికా స్పెషల్ ఫోర్సెస్ క్యాంపు ఉండేది. అమెరికా డబ్బుతో, అమెరికా ట్రైనింగ్‌తో నడిచే లోకల్ పోలీసు కమాండర్ ఒకడు ఒక పిల్లోణ్ణి మంచానికి గొలుసుతో కట్టేసి పాడుచేశాడు. నోరెత్తిన తల్లిని కొట్టాడు. ఆమె ఆ దెబ్బలతోనే క్యాంపుకు వచ్చి మొరపెట్టుకుంది. కెప్టెన్ డాన్ క్విన్, సార్జెంట్ చార్లెస్ మార్ట్‌లాండ్ వాణ్ణి పిలిపించి అడిగితే, చేసింది ఒప్పుకుని నవ్వాడంట. ఇద్దరూ వాణ్ణి ఎత్తి నేలకేసి కొట్టి క్యాంపు నుంచి తరిమేశారు. దానికి వాళ్ళిద్దరినీ అక్కడి నుంచి పంపించేశారు. క్విన్ తర్వాత ఆర్మీ వదిలేశాడు, మార్ట్‌లాండ్‌ను 2015లో సర్వీసు నుంచే తీసెయ్యాలని చూశారు, పెద్ద గొడవయ్యాక 2016లో ఉంచుకున్నారు. నా మటుకు వీళ్ళను శిక్షించడం అన్యాయం. మీరేమంటారు?

మాజీ హవల్దార్, ప్రొద్దుటూరు:
తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమవుతుంది, ఆ తల్లి సంగతి చదివి నాకూ రక్తం ఉడికింది. కానీ వాళ్ళకు శిక్ష పడింది అడిగినందుకు కాదు, కొట్టినందుకు. అది వేరే, ఇది వేరే. యూనిఫాం వేసుకున్నోడు తన చేత్తో తీర్పు చెప్పడం మొదలుపెడితే, ఇవాళ న్యాయమైన కారణానికి కొడతాడు, రేపు ఎవడో ఏదో చెప్పాడని కొడతాడు. ఇంకో మాట. పక్క బ్యారక్‌లో పడుకునేవాడు ఆ కమాండర్ మనిషే, వాడి దగ్గరా తుపాకీ ఉంది. 2012లో అఫ్గాన్ పోలీసులు, సైనికులే తమతో ఉన్న విదేశీ సైనికులను ఎన్నిసార్లు కాల్చారో గుర్తు చేసుకో. నీ ఒక్క దెబ్బకు బదులు నీ పక్కోడి ప్రాణం మీదికి రావొచ్చు.

నేను ఐక్యరాజ్యసమితి మిషన్‌లో కాంగోలో పనిచేశాను. రోడ్డు మీద అక్కడి ప్రభుత్వ సైనికులు తాడు అడ్డం కట్టి, బొగ్గు మూటలు మోసుకుపోయే ఆడోళ్ళ దగ్గర డబ్బులు గుంజేవాళ్ళు. వాళ్ళు మా మిత్రులు, కలిసి ఆపరేషన్లు చేయాల్సినవాళ్ళు. మేం చెయ్యి ఎత్తలేదు. బండి ఆ తాడు పక్కనే ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, దిగి నిలబడేవాళ్ళం. మేం ఉన్నంతసేపూ ఆడోళ్ళు ఉచితంగా దాటిపోయేవాళ్ళు. కదిలితే మళ్ళీ తాడు లేచేది, అదీ నిజమే. అయినా ప్రతిసారీ రిపోర్టు రాసేవాళ్ళం. రిపోర్టులకు విలువ లేదనకండి. 2015లో ఇద్దరు కాంగో జనరల్స్ మీద ఆరోపణలున్నాయని ఐరాస ఒక పెద్ద ఆపరేషన్‌కు మద్దతే ఆపేసింది.

అనంత లాయర్:
హవల్దార్ సార్ చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒకటి కలుపుతాను. మన భారతీయ న్యాయ సంహిత 34, 35 సెక్షన్ల ప్రకారం వేరేవాళ్ళ ఒంటిని కాపాడటానికి కూడా బలం వాడే హక్కుంది. ఆ సైనికులు గదిలోకి దూరి, గొలుసు తెంచి, అడ్డొచ్చినోణ్ణి కొట్టి ఉంటే అది ఆత్మరక్షణ హక్కు కిందికే వస్తుందని నేను వాదిస్తాను. కానీ వాణ్ణి తర్వాత పిలిపించి కొట్టారు. అది కాపాడటం కాదు, శిక్ష వేయడం. మన కోర్టులో అయినా తప్పే అవుతుంది. ఎంత తప్పు అన్నది వేరే ప్రశ్న.

తుంగభద్ర గట్టు, కర్నూలు:
రిపోర్టు రాయాలి అంటున్నారు కదన్నా, రాస్తే ఏమైందో చూడండి. అదే క్విన్ అంతకుముందు ఇంకో కమాండర్ 14, 15 ఏళ్ళ ఆడపిల్లను చెరిచాడని అక్కడి పెద్దలకు ఫిర్యాదు చేశాడు. వాడికి పడింది ఒక్క రోజు జైలు, పైగా ఆ పిల్లనే వాడికిచ్చి పెళ్ళి చేశారు. క్విన్ తన పైవాళ్ళను అడిగితే, ఫిర్యాదు చేసి మంచి పని చేశావు, ఇక మనం చేయగలిగింది లేదన్నారు.

ఇంకొకటి. జేసన్ బ్రెజ్లర్ అనే అమెరికా మెరైన్ మేజర్ 2012లో అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్ ప్రాంతంలో ఉన్న ఒక పోలీసు చీఫ్ పిల్లలను పాడుచేసే మనిషని తోటి అధికారులకు హెచ్చరిక పంపాడు. కొన్ని వారాలకే ఆ చీఫ్ దగ్గరుండే కుర్రోడు అదే బేస్‌లో ముగ్గురు మెరైన్లను కాల్చి చంపాడు. బ్రెజ్లర్‌కు దక్కిందేమిటి? సొంత ఈమెయిల్‌లో రహస్య పత్రం పంపాడని ఇంటికి పంపమన్నారు, 2016లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చేత్తో కొట్టినోడికీ శిక్షే, కాగితం మీద రాసినోడికీ శిక్షే. ఇక డిసిప్లిన్ అనే మాట నేనెట్లా నమ్మాలి?

మన సీమలో ఫ్యాక్షన్ నడిచిన రోజుల్లో ఇదే కదా జరిగింది. గొడవకు పనికొచ్చే మనిషని, వాడు ఊర్లో ఏం చేసినా నాయకుడు కళ్ళు మూసుకునేవాడు, అడిగినోడే ద్రోహి అయ్యేవాడు.

కడప టీచరమ్మ:
నేను హైస్కూల్లో పనిచేస్తాను. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిసీ చెప్పకపోతే, పోక్సో చట్టం 21వ సెక్షన్ కింద నాకు ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. సంస్థను నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా. అంటే ఇక్కడ ఊరుకున్నోళ్ళది నేరం. అక్కడేమో అది వాళ్ళ సంస్కృతి, మనకెందుకు అని కొందరు సైనికులకు పైవాళ్ళే చెప్పినట్టు 2017లో పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) విచారణలో కూడా బయటపడింది. ఏ సంస్కృతీ ఆ తల్లిని క్యాంపు గేటు దాకా నడిపించలేదు, బిడ్డ కోసం వచ్చింది. ఊరుకోమన్న అధికారుల్లో ఒక్కడినైనా నిలదీశారా అన్నది నా ప్రశ్న. వాళ్ళను వదిలేసి సార్జెంట్‌ను పట్టుకోవడం నాకు సహించదు.

మాజీ హవల్దార్, ప్రొద్దుటూరు:
అమ్మా, ఆ ప్రశ్న సరైనదే. కొట్టడం తప్పన్న మాట మీద నేనింకా నిలబడతాను. మా దగ్గరైతే రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే సర్వీసు రికార్డులో శిక్ష మచ్చ, పడేది, నేను ఆ కోర్టులో కూర్చున్నా వేసేవాణ్ణి. కానీ అంతకుముందు ఫిర్యాదు చేశారా, చేస్తే పైవాళ్ళు ఏం చేశారు అని అడిగి, జవాబు రికార్డులో రాయించి ఆ తర్వాతే వేస్తాను. తమ్ముడు చెప్పిన ఆడపిల్ల సంగతి ఆ రికార్డులో ఉంటే మందలింపుతో సరి. అంతకుమించి ఇంటికి పంపుతామంటే నేను సంతకం పెట్టను.