పాత డీజిల్ కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కావలి నుంచి:
2008 డీజిల్ కారు, 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న మధ్యాహ్నం ఒంగోలు వెళ్తుంటే ఉలవపాడు దాటాక హైవే మీద ఇంజన్ ఆగిపోయింది. వెనక లారీ, లోపల పిల్లలు. స్టీరింగ్ బరువెక్కింది. ఎలాగో పక్కకు తీశాను. అరగంటకు మామూలుగా స్టార్టయింది. ఒక షెడ్డులో డీజిల్ ఫిల్టర్ మార్చారు, అయినా మళ్లీ ఆగింది. ఇంకో షెడ్డులో డీజిల్ పంపే పోయిందంటున్నారు. ఒకటే టెన్షన్.

గూడూరు నుంచి:
అన్నా, అప్పుడే పంపు విప్పించొద్దు. జర్క్ ఇస్తూ, పికప్ పడిపోతూ ఆగిందా, తాళం తిప్పేసినట్టు టక్కున ఆగిందా? మొదటిదైతే ఎక్కువసార్లు డీజిల్ అందకే. రెండోదైతే ముందు కరెంటు వైపు చూడాలి. ఇంకో మాట, ఇంజన్ ఆగాక బ్రేకు పదేపదే తొక్కకండి. రెండు మూడు సార్లకే గట్టిపడిపోతుంది. ఒక్కసారే నిలకడగా నొక్కాలి.

పొదిలి నుంచి:
మాది జర్క్ ఇస్తూ ఆగేది. ఫిల్టర్ ముందు జానెడు పారదర్శక పైపు పెట్టి చూస్తే వరసగా గాలి బుడగలు! ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర సన్నగా చిట్లింది. పంపు డీజిల్‌ను లాగుతుంది కాబట్టి అక్కడ గాలి లోపలికి పోతుంది, డీజిల్ బయటికి కారదు. చుక్క కనబడక మూడు నెలలు తిరిగాను.

కావలి నుంచి:
మాది టక్కునే ఆగింది. తర్వాత సెల్ఫ్ కొట్టినా ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) ముల్లు కదల్లేదు.

ఒంగోలు నుంచి (మెకానిక్‌ని):
క్రాంక్ సెన్సర్ మీద నా అనుమానం. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో కారు కంప్యూటర్‌కు చెప్పేది అదే, ఆ సిగ్నల్ లేకపోతే ఇంజన్ ఆగిపోతుంది. పాతదైతే వేడికి సిగ్నల్ ఆగిపోతుంది, చల్లారితే వస్తుంది. అందుకే షెడ్డుకు వచ్చేసరికి ఏమీ ఉండదు. కొన్ని బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ముల్లు మామూలుగానే కదలదు, దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. బండి అలా ఆగిపోయినప్పుడే స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. సున్నా ఉంటే ముందు సెన్సర్ కనెక్టర్, వైరు చూసి, తర్వాతే సెన్సర్ మార్చండి.

కావలి నుంచి:
మీరు చెప్పినట్టే చేశాం. ఎండలో ఏసీ వేసి బండి ఆన్‌లో వదిలితే నలభై నిమిషాలకు ఆగింది. స్కానర్‌లో సున్నా. కనెక్టర్ శుభ్రంగానే ఉంది. సెన్సర్ మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే స్టార్టయింది! కొత్త సెన్సర్ వేయించాక రెండుసార్లు మధ్యాహ్నం ఎండలోనే ఒంగోలు వెళ్లొచ్చాను, ఎక్కడా ఆగలేదు. పంపు మీద చెయ్యి వేయనివ్వలేదు. రేపు పిల్లల్ని తీసుకుని నెల్లూరు వెళ్తున్నాం.