అప్‌డేట్: కూచిపూడి ప్రదర్శనకు చివరికి ఏ లెన్స్ కొన్నానంటే

మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శనను ఫ్లాష్ లేకుండా తీయడానికి జూమ్ లేని 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ మేలా, 70-200 ఎంఎం ఎఫ్/2.8 జూమ్ లెన్స్ మేలా అని గత నెలలో అడిగాను. సలహాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రెండింటినీ అద్దెకు తెచ్చి, మూడో వరుసలో కూర్చుని వాడి చూశాను.

ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ లెన్స్ ద్వారం పెద్దదవుతుంది. ఎఫ్/1.8 వద్ద ఎఫ్/2.8 కంటే దాదాపు 2.4 రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది కాబట్టి, ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200 దాటనివ్వకుండానే, జూమ్‌తో సెకనులో 200వ వంతు దగ్గర ఆగిపోయిన షట్టర్ వేగాన్ని 85 ఎంఎంతో దాదాపు 500వ వంతుకు తీసుకెళ్లగలిగాను. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలిచి అడుగులు వేస్తున్నప్పుడు, ఆ వేగంలోనే గజ్జెలు విడివిడిగా కనిపించాయి. జూమ్‌లోని స్టెబిలైజేషన్ నా చేతి వణుకును ఆపింది గానీ పాదాల కదలికను ఆపలేకపోయింది.

అయితే ఎఫ్/1.8 వద్ద ఫోకస్‌లో ఉండే లోతు తక్కువ కాబట్టి కళ్ళు స్పష్టంగా వచ్చి, పతాక హస్తం అనే ముద్రలో ముందుకు చాచిన చెయ్యి మసకబారింది. అందుకే కదలిక తక్కువగా ఉండే అభినయ ఘట్టాల్లో అదే 85 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/2.8కు మార్చుకున్నాను. వెనుక నల్లటి తెర ఉండడం వల్ల ఆటో ఎక్స్‌పోజర్ ముఖాన్ని తెల్లబార్చడంతో సెట్టింగులన్నీ నేనే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లోనే తీశాను.

చివరికి 85 ఎంఎం కొన్నాను. వెనుక వరుసల నుంచి తీయవలసినవారికి మాత్రం జూమ్ తప్పదు.