మొదటి గెకోతోనే బ్రీడింగ్ మొదలుపెట్టొచ్చా?

కొత్తగూడు:
అందరికీ నమస్తే. నాలుగు నెలలుగా చదువుతూనే ఉన్నాను, ఇక ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇప్పటిదాకా సరీసృపం ఏదీ పెంచలేదు. బియర్డెడ్ డ్రాగన్, క్రెస్టెడ్ గెకో, లెపర్డ్ గెకో, ఈ మూడు రకాల బల్లుల మధ్య ఊగిసలాడి చివరికి లెపర్డ్ గెకో దగ్గర ఆగాను. అయితే అమ్మే ఆయన ఒకరు "ఒక్కదాన్నే పెంచితే బెంగపెట్టుకుంటుందమ్మా, జంటగా తీసుకో, వచ్చే ఏడాదికి పిల్లలు కూడా వస్తాయి" అన్నారు. గుడ్డు చీల్చుకుని పిల్ల బయటికి రావడం నా కళ్ళతో చూడాలని నాకూ చాలా కోరికగా ఉంది. మొదటిసారే జంట తీసుకుని బ్రీడింగ్‌కి దిగితే తప్పా? సూటిగా చెప్పండి, ఏమీ అనుకోను.

నిశాచరి:
తప్పే. ముందు ఆ బెంగ మాట పక్కన పెట్టండి. లెపర్డ్ గెకోలు ఒంటరిగా బతికే జీవులు, తోడు లేదని దిగులు పడవు. మగదాన్ని, ఆడదాన్ని ఏడాదంతా ఒకే ట్యాంకులో ఉంచితే మగది వెంటపడుతూనే ఉంటుంది, ఆడది సరిగ్గా తినదు, తోకలో దాచుకున్న కొవ్వంతా కరిగిపోయి తోక పుల్లలా అయిపోతుంది.

ఎంపిక మాత్రం బాగుంది. బియర్డెడ్ డ్రాగన్ అడుగున్నర, రెండడుగులు పెరుగుతుంది, దానికి పెద్ద ట్యాంకు, ఎండలా పనిచేసే బలమైన యూవీబీ లైటు కావాలి. క్రెస్టెడ్ గెకోకి నీళ్ళలో కలిపే పొడి తిండి సరిపోతుంది గానీ వేడి 28 డిగ్రీలు దాటి అలాగే ఉంటే తట్టుకోలేదు, తోక ఒకసారి ఊడితే మళ్ళీ రాదు. లెపర్డ్ గెకో నేల మీద తిరిగేది, గోడ ఎక్కే మెత్తలు దాని వేళ్ళకి ఉండవు, కాబట్టి అదుపులో పెట్టడం తేలిక. ట్యాంకులో ఒక పక్క నేల 32 డిగ్రీల దగ్గర, ఇంకో పక్క 25 దగ్గర ఉండాలి, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ పెట్టొద్దు, పురుగులకి కాల్షియం పొడి అద్దే వేయాలి. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. ముందు ఒక్కదానితో ఒక ఏడాది గడపండి, తర్వాత మాట్లాడుకుందాం.

గుడ్లడబ్బా:
నిశాచరి గారు బెంగ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ కొత్తవాళ్ళు ఎవరు బ్రీడింగ్ మాటెత్తినా "తప్పే" అని తలుపు మూసేయడం నాకు నచ్చదు. నేను ఆరు సీజన్లుగా చేస్తున్నాను. నేనూ ఒకప్పుడు కొత్తవాడినే. అడవి నుంచి పట్టి తెచ్చిన జంతువుని కొనే అవసరం లేకుండా పోయిందంటే అది ఇళ్ళలో బ్రీడింగ్ చేసినవాళ్ళ వల్లే కదా.

చూడాలన్న కోరిక చిన్నదేమీ కాదు, అమ్మా. పెట్టిన గుడ్డుకి పై వైపు పెన్సిల్‌తో చిన్న గీత గీసి, అదే వైపు పైకి ఉండేలా తడి వర్మిక్యులైట్‌లో (తేమని పట్టి ఉంచే ఖనిజపు పలుకులు) పెడతాం. తిప్పామంటే లోపలి పిండం పోవచ్చు. వారం తర్వాత చీకట్లో చిన్న టార్చ్ ఆనించి చూస్తే లోపల గులాబీ రంగులో ఎర్రటి సన్న నరాలు కనిపిస్తాయి. మొదటిసారి అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 26 డిగ్రీల దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవే, 32.5 దగ్గర ఎక్కువగా మగవి, 34 దాటితే మళ్ళీ ఆడవే ఎక్కువ. గుడ్డులోని పిల్ల ఆడదో మగదో డబ్బాలోని వేడి నిర్ణయిస్తుంది. ఇది పుస్తకంలో చదవడం వేరు, చేసి చూడడం వేరు.

ఇసుకపొర:
ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను సరిగ్గా కొత్తగూడు గారు అడిగిన పనే చేశాను. మొదటిసారే జంట తీసుకున్నాను. ఆడదానికి పది నెలలు, 38 గ్రాములు. "పర్వాలేదు, కలిపేయొచ్చు" అని అమ్మినవాళ్ళు అన్నారు, నేను నమ్మాను. మొదటి రెండు గుడ్లు బాగానే పెట్టింది. రెండో కాన్పుకి రెండు రోజులపాటు గుడ్ల కోసం పెట్టిన తడి పెట్టెలో తవ్వుతూనే ఉంది, అలిసిపోయి బయటికి వస్తుంది, కాసేపు పడుకుంటుంది, మళ్ళీ వెళ్ళి తవ్వుతుంది. ఎత్తి చూస్తే పొట్ట చర్మం లోంచి రెండు తెల్లటి గుడ్లు కనిపిస్తున్నాయి, కానీ బయటికి రావడం లేదు. సరీసృపాలని చూసే డాక్టరు దొరికేసరికి మూడో రోజు. ఆపరేషన్ చేశారు, కానీ అది కోలుకోలేదు. ఒంట్లో ఉన్న కాల్షియమంతా మొదటి గుడ్లకే పోయింది, అందుకే గుడ్లని బయటికి నెట్టే శక్తి మిగల్లేదని ఆయన చెప్పారు.

దాని పొట్టలోని గుడ్ల గురించి ఆలోచించానే గానీ, దాని గురించి ఆలోచించలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

గుడ్లడబ్బా:
చెల్లీ, చదువుతుంటే మనసు కలుక్కుమంది. ఇది ఇక్కడ రాసినందుకు థాంక్స్. అయితే దీన్నిబట్టి తేలేది "బ్రీడింగ్ వద్దు" అని కాదు, "ఆ వయసులో, ఆ బరువుతో వద్దు" అని. ఆడదానికి కనీసం ఏడాది నిండాలి, నేనైతే ఏడాదిన్నర దాకా ఆగుతాను, బరువు 50 గ్రాములు దాటాలి, తోక లావుగా ఉండాలి. కాల్షియం గిన్నె ఎప్పుడూ ట్యాంకులోనే ఉండాలి, విటమిన్ డీ3 సంగతి కూడా చూసుకోవాలి. జంటని కలిపి వదిలేయకూడదు, కలిశాయని తెలియగానే వేరు చేయాలి.

నిశాచరి:
అన్నా, మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే. కానీ అవన్నీ ఆరు సీజన్లు చేసిన మనిషికి తెలిసినవి. బరువు తగ్గుతోందని ఎవరు పసిగడతారు? మామూలుగా అది ఎంత తింటుందో, ఎలా నడుస్తుందో రోజూ చూసినవాళ్ళే. మొదటి గెకోతోనే బ్రీడింగ్‌కి దిగినవాళ్ళకి ఆ "మామూలు" అంటే ఏంటో ఇంకా తెలియదు. నా వాదనంతా అంతే.

ఇంకొకటి, లెక్క. ఒక్కసారి కలిస్తే చాలు, ఆడది వీర్యాన్ని ఒంట్లో దాచుకుని ఆ సీజనంతా గుడ్లు పెట్టగలదు. ఒక్కో కాన్పుకి రెండు, సీజన్‌కి ఐదారు కాన్పులు అనుకున్నా పది పన్నెండు పిల్లలు. పుట్టినప్పుడు ఒక్కోటి మూడు గ్రాములు. కలిపి ఉంచితే ఒకదాని తోక ఇంకోటి కొరుకుతుంది, అందుకని పన్నెండు డబ్బాలు, పన్నెండు నీళ్ళ మూతలు, పన్నెండింటికీ రోజూ చిన్న పురుగులు. ఎవరూ తీసుకోకపోతే? అన్నా, మీరు ఎన్ని గుడ్లని పొదగకుండా ఫ్రీజర్‌లో పెట్టారో చెప్పండి.

గుడ్లడబ్బా:
పోయిన సీజన్‌లో నాలుగు. పెట్టిన రోజే పెట్టేశాను. చోటు లేనప్పుడు అదే మంచిదని ఇప్పటికీ అంటాను, అది చేయలేనివాళ్ళు బ్రీడింగ్ చేయకూడదని కూడా అంటాను. ఈ విషయంలో మీతో గొడవ లేదు.

రంగుమచ్చ:
ఎవరూ జన్యువుల సంగతి ఎత్తలేదు, అది కూడా చెప్పాలి. అమ్మేవాళ్ళు చూపించే మార్ఫ్‌లలో, అంటే రంగు రకాల్లో, కొన్నింటికి రంగుతో పాటు జబ్బు కూడా వస్తుంది. ఎనిగ్మా అనే రకంలో నరాల సమస్య ఉంటుంది, తల వంకరగా పెట్టి గుండ్రంగా తిరుగుతుంది, ఎదురుగా ఉన్న పురుగుని పట్టబోయి పక్కన కొరుకుతుంది. లెమన్ ఫ్రాస్ట్ సంగతి ఇంకా దారుణం. ఆ రంగు తెచ్చే జన్యువే చర్మం మీద గడ్డలకి కూడా కారణమని, 80 శాతానికి పైగా వాటికి ట్యూమర్లు వస్తున్నాయని 2021లో పరిశోధన వచ్చింది. తల్లిదండ్రుల వంశం తెలియకుండా జంట కట్టడం అంటే ఆ జబ్బుని ఇంకో పన్నెండింటికి పంచడమే. మగా ఆడా ఒకే ఇంటి నుంచి తీసుకుంటే అవి తోబుట్టువులు కూడా కావచ్చు, అడిగారా?

కొత్తగూడు:
అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఇసుకపొర గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

జంట వద్దనుకున్నాను. ఒక్కదాన్నే తీసుకుంటాను. అయితే ఆడదా, మగదా? తర్వాతెప్పుడైనా బ్రీడింగ్ చేయాలనిపిస్తే ఆడదైతే మేలు కదా అనిపిస్తోంది.

గుడ్లడబ్బా:
ఆడదే తీసుకో అమ్మా. ఏడాదిన్నరపాటు అది తినే తీరు, బరువు రాసుకుంటూ ఉంటే నీకే అన్నీ తెలుస్తాయి.

ఇసుకపొర:
నా మాట వేరు. మగది లేకపోయినా ఆడది గుడ్లు పెట్టొచ్చు, వాటిలోంచి పిల్లలు రావు గానీ కాల్షియం మాత్రం అలాగే లాగేస్తాయి, అవీ ఇరుక్కోవచ్చు. మొదటిసారి పెంచేవాళ్ళకి ఆ టెన్షన్ ఎందుకు? మగదాన్ని తీసుకోండి. తోక మెడంత లావుగా ఉందా, వేళ్ళకి విడిచిన పాత చర్మం చుట్టుకుని లేదు కదా అని చూడండి, మీ ముందు ఒక పురుగు తినమనండి.

కొత్తగూడు:
మగదాన్నే తీసుకుంటున్నాను. ఇవాళ ఖాళీ ట్యాంకులో థర్మోస్టాట్ పెట్టాను, వేడి వైపు 34 చూపిస్తోంది, ఇంకా దించాలి. పది రోజులు ఒకే తీరుగా 32 దగ్గర నిలబడ్డాకే వెళ్ళి తెస్తాను. గ్రాముల్లో తూచే వంటింటి కాటా సరిపోతుందా, ఇంకేదైనా కావాలా?